కంప్యూటరులో తల్లి వాటా

"రెండ్రోజులేరా. రెండ్రోజుల్లో తీసేస్తానంటున్నాను కదా."

"రెండ్రోజులనే పెదనాన్న కూడా అనేవాడంట అన్నయ్యా. నాన్న చెప్పేవాడు కదా."

"మధ్యలో పెదనాన్న ఎందుకొచ్చాడ్రా? నేనేమన్నా పొలం దున్నుకుంటున్నానా? నా డీ నిండిపోయింది. నీ ఎఫ్ ఖాళీగా పడుంది. నాలుగు ముక్కలు అందులో పెట్టాను. దానికింత రాద్ధాంతమా?"

"నన్నడిగి పెట్టావా?"

"నువ్వు భోజనానికెళ్ళావు."

"నేను అన్నం తినొచ్చేలోపు నా వాటాలో దూరిపోతావా? చెప్పు. నువ్వు తీస్తావా, నన్ను తీసెయ్యమంటావా?"

ఆ మాట అంటూ మా చిన్నవాడు ప్రకాశం కంప్యూటరు ముందు కూర్చుని మౌసు మీద చెయ్యి వేశాడు. పెద్దవాడు దేవదానం వాడి వెనకాల నిలబడి కుర్చీ వీపు పట్టుకున్నాడు. పట్టుకున్న వేళ్ళు తెల్లబడిపోవటం గుమ్మంలో నిలబడ్డ నాకు కనిపిస్తూనే ఉంది. చేతిలో బియ్యం చేట ఉంది. చెరుగుతున్నదాన్ని చెరుగుతున్నట్టే లేచి వచ్చాను. తాడేపల్లిగూడెంలో మా ఫొటో స్టూడియో వెనక గది అది. వాడు ఆ మీట నొక్కితే పోయేది అన్నగారి నాలుగు వీడియో ముక్కలు కాదు. కొల్లేటి లంకలో జరిగిన ఒక పిల్ల పెళ్ళి పోతుంది. ఆ పెళ్ళి తీసిన టేపుల మీద అప్పటికే దెందులూరులో ఒకరి గృహప్రవేశం ఎక్కించేశాం. అంటే ఆ తాళి, ఆ అప్పగింతలు ప్రపంచం మొత్తం మీద ఆ పెట్టెలో, వాడి వేలి కింద తప్ప ఇంకెక్కడా లేవు. పెళ్ళికూతురి తల్లి రేపు పొద్దున్న సీడీల కోసం వస్తున్నానని ఫోను చేసింది.

ఇన్నాళ్ళకి ఇది ఎందుకు రాస్తున్నానంటే, మొన్న పెద్దకోడలు సువార్త అటక సర్దుతూ ఒక మూట దించింది. నా పాత తెల్లచీర ముక్కలో చుట్టి ఉంది. విప్పితే అరచేతికి కొంచెం మించిన ఇనప బిళ్ళ. "అత్తయ్యగారండీ, ఇది పాతసామాన్ల బండివాడికి వేసేయమంటారా?" అని అడిగింది. నేను అందుకుని చూశాను. బరువు అలాగే ఉంది. దాన్ని హార్డ్ డిస్కు అంటారు. మా కంప్యూటరు కడుపులో ఉండేది అదే. "ఇందులో ఇప్పుడేమీ రాదండి. చచ్చిపోయింది" అంది. "చచ్చిపోయిందని మీ మావయ్యగారి ఫొటో పారేశామా? అక్కడ పెట్టు" అన్నాను. పెట్టి వెళ్ళిపోయింది. ఆ బిళ్ళ ఒళ్ళో పెట్టుకుని ఆ మధ్యాహ్నమంతా కూర్చున్నాను. దాని కోసం నా ఇద్దరు కొడుకులూ మాటలు మానుకోబోయారు.

నేను మిషను బడిలో మూడో తరగతి దాకా చదివాను. తర్వాత తమ్ముళ్ళని ఎత్తుకోవటానికి మానిపించారు. లెక్కలు మాత్రం వచ్చు. చదువు తక్కువైన ఇంట్లో కొలతే చదువు. మా ఇంట్లో తెల్లవారుఝామున ముందు ప్రార్థన, తర్వాత చీపురు, తర్వాతే కాఫీ. బియ్యం సోలతో కొలిచి, వండే ముందు గుప్పెడు తీసి దేవుని డబ్బాలో వేయాలి. ఆదివారం ఆ బియ్యం గుడికి పోతాయి. అరిగిపోయిన సబ్బు ముక్కని కొత్త సబ్బుకి అంటించి వాడాలి. స్టూడియోలో ఫిలిం డబ్బాలు పారేసేవాళ్ళం కాదు. ఆవాలు, మెంతులు వాటిలోనే పోసేదాన్ని. మా ఆయన ఉన్నప్పుడు ఆ వెనక గది ఫిలిం కడిగే చీకటి గది. ఆ మందునీళ్ళ పులుపు వాసన గోడలకి పట్టి, ఆయన పోయాక కూడా వానాకాలంలో గోడ చెమ్మగిల్లితే పైకి వచ్చేది. ఆ వాసన వచ్చిన రోజు పిల్లలిద్దరూ కొంచెం నెమ్మదిగా మాట్లాడుకునేవారు. కంప్యూటరు కొన్నాక దాన్ని ఆ గదిలోనే పెట్టాం. చెప్పులు బయట విప్పి లోపలికి వెళ్ళాలి. పని అయిపోగానే నేను కుట్టిన ముసుగు వేయాలి. కంప్యూటరు కొనటానికి నన్ను ఒప్పించేసరికి వాళ్ళిద్దరికీ చాలాకాలం పట్టింది కానీ, ముసుగు విషయంలో మాత్రం నా మాట ఒక్కనాడూ తప్పలేదు.

టేపుల నియమం కూడా నాదే. పెళ్ళి తీసే కెమెరాలో అగ్గిపెట్టె కన్నా కొంచెం పెద్ద టేపులు వేసేవారు. మిగతా స్టూడియోల వాళ్ళు పెళ్ళికి కొత్తవి కొని బీరువాలో దాచేవారు. నేను ఒప్పుకోలేదు. బొమ్మ కంప్యూటరులోకి ఎక్కాక టేపెందుకు ఖాళీగా కూర్చోవాలి? పాలు పోసుకున్నాక చెంబు కడిగి మళ్ళీ వాడమా? బొమ్మ మీద తెల్లచుక్కలు పడేదాకా ఒక్కో టేపునీ తిప్పితిప్పి వాడించాను. ఆ నియమంతోనే స్టూడియో నిలబడింది. తప్పని నేనిప్పటికీ అనుకోను.

ఇక వాటాల సంగతి. మా అత్తవారిది పెంటపాడు దగ్గర పల్లె. మా ఆయనకి, వాళ్ళ అన్నగారికి కలిసి కొంచెం పొలం ఉండేది, మధ్యలో గట్టు. ప్రతి ఏడూ దుక్కికి ముందు బావగారు పార పట్టుకుని గట్టు చెక్కేవారు. చెక్కిన మట్టి మా వైపు వేసేవారు. అడిగితే "రెండ్రోజుల్లో సరిచేస్తాలేరా" అనేవారు. ఆ రెండ్రోజులు ఎప్పుడూ రాలేదు. గట్టు నడుచుకుంటూ నడుచుకుంటూ మా చేలోకి వచ్చేసింది. ఒక ఏడు ఊడ్పులప్పుడు చూస్తే మా వైపు నారు పట్టటానికి చోటు లేదు. మా ఆయన పంచాయితీకి వెళ్ళలేదు. ఆ మిగిలిన చీలిక బావగారికే వదిలేసి గూడెం వచ్చి ఒక స్టూడియోలో లైట్లు మోసే పనికి కుదిరి, తర్వాత ఈ స్టూడియో పెట్టారు. అన్నదమ్ములిద్దరూ చివరిదాకా మాట్లాడుకోలేదు. ఒకరు పోతే రెండోవారు సమాధి దగ్గరికి కూడా వెళ్ళలేదు. చావు కన్నా అది నన్ను ఎక్కువ భయపెట్టింది.

అందుకే మా ఆయన పోయాక, కొడుకులు వేరుపడతామన్నప్పుడు నేనే దగ్గరుండి పంచాను. మా వైపు ఒక పద్ధతి ఉంది. పెద్దవాడు భాగాలు చేయాలి, చిన్నవాడు ముందు ఎంచుకోవాలి. అప్పుడు భాగం చేసేవాడి చెయ్యి ఒక పక్కకి మొగ్గదు. ఇల్లు రెండు వాటాలు చేసి మధ్య గది నేను ఉంచుకున్నాను. స్టూడియో ఉమ్మడి. పెద్దవాడు పెళ్ళిళ్ళు తీస్తాడు, చిన్నవాడు కంప్యూటరు మీద శుభలేఖలు, కరపత్రాలు చేస్తాడు. మిగిలింది కంప్యూటరు. రెండోది కొనే స్తోమతు లేదు. ఉన్నదాన్ని కోయటం ఎలా అని ఆలోచిస్తుంటే, కంప్యూటర్లు బాగుచేసే రఫీ ఏలూరు నుంచి వచ్చి, "కోయచ్చండి పిన్నిగారండీ, లోపల గట్లు వేయచ్చండి" అన్నాడు. ఆ గట్లనే పార్టిషన్లు అంటారట. నాకు ప్రాణం లేచొచ్చింది.

"గట్టు వేశాక జరపటానికి వీలుంటుందా నాయనా?" అని అడిగాను.

"జరపచ్చు కానండి, పంట పోయే భయం ఉందండి. సరిగ్గా కావాలంటే అంతా తుడిచేసి మళ్ళీ మొదట్నుంచి కొయ్యాలండి."

"అయితే అదే కావాలి. కదపలేని గట్టు కావాలి నాకు."

అతను నవ్వి పని మొదలుపెట్టాడు. సీ అనేది మిషను తన కోసం ఉంచుకునే చోటు. దాన్ని ఉమ్మడిగా వదిలేశాం, వీధి గుమ్మంలాగా. మిగిలిన చోటుని మూడు సమభాగాలు చేయమన్నాను. రఫీ చెయ్యి ఆపి, "ఇద్దరు అబ్బాయిలే కదండీ. మూడోది ఎవరికండి?" అన్నాడు. "నాకు" అన్నాను. "మీరేం దాచుకుంటారండి అందులో?" "ఏమీ దాచుకోను. ఉండాలి." తల్లి బతికుండగా తల్లి వాటా తీయకుండా పంచటం మా వాళ్ళలో లేదు. చెంబులు పంచినా తీస్తారు, చెట్టు పంచినా తీస్తారు. పెద్దవాడు భాగాలు చూపించాడు. చిన్నవాడు ఎఫ్ ఎంచుకున్నాడు. పెద్దవాడికి డీ వచ్చింది. మధ్యలో ఒక అక్షరం సీడీ పెట్టే అరకి పోయిందట. నాకు చివరిది, జీ. రఫీ తెర మీద నా జీ తెరిచి చూపించాడు. తెల్లగా ఉంది, సున్నం వేసిన గదిలాగా. నేను చూసి, సరే మూసెయ్యి అన్నాను.

తల్లి వాటాకి ఇంకో కట్టు ఉంది. అది చివరికి తల్లిని ఎవరు చూస్తే వాళ్ళకి పోతుంది. అందుకని తల్లి బతికుండగా ఆ వాటా మీద ఎవరూ చెయ్యి వేయరు. వేస్తే, అమ్మ నాది అని చాటుకున్నట్టు. నేను మధ్య గదిలో విడిగా వండుకోవటానికి కారణం కూడా అదే. ఎవరి పొయ్యి దగ్గరికి వెళ్ళినా రెండోవాడికి తల్లి పోయినట్టే. కోడళ్ళిద్దరూ మంచివాళ్ళే. సువార్త కూర తెచ్చి నా గుమ్మంలో పెడితే, చిన్నకోడలు రత్నం మర్నాడు పప్పు తెచ్చి పెట్టేది. ఇద్దరివీ తినేదాన్ని, ఇద్దరికీ గిన్నెలు కడిగి ఇచ్చేదాన్ని. లోపలికి మాత్రం వెళ్ళేదాన్ని కాదు.

ఏడాది బాగానే గడిచింది. తర్వాత తెలిసింది, ఇద్దరి పంటా ఒకటి కాదని. చిన్నవాడి శుభలేఖలు ఎన్ని చేసినా ఎఫ్‌లో ఓ మూలకి ఒదిగిపోయేవి. పెద్దవాడి పెళ్ళి ఒక్కటి ఎక్కిస్తే డీ అంతా తినేసేది. అది చాలదన్నట్టు, ముక్కలన్నీ కలిపి పాటలు వేసి ఒక్క బొమ్మగా చేయటానికి మళ్ళీ అంత చోటు ఖాళీగా కావాలి. దాన్ని రెండరింగు అంటారు. "బియ్యం ఉంటే చాలదమ్మా, ఉడికి ఉబ్బటానికి గిన్నెలో ఖాళీ ఉండాలి కదా, అలాంటిది" అని దేవదానం నాకు అర్థమయ్యేట్టు చెప్పాడు. అర్థమైంది. అయినా, ఇంట్లో మూడు గదుల్లో రెండు ఖాళీగా ఉంచుకుని నాలుగోది కట్టమంటే నేను ఒప్పుకోను. కొత్త డిస్కు కొందామన్నప్పుడల్లా అదే అనేదాన్ని. ఖాళీ ఎక్కడుందో ఇద్దరికీ తెలుసు. ఎవరూ నోరు విప్పి అడగలేదు.

కొల్లేట్లో చేపల చెరువుల గట్లు ప్రభుత్వం కొట్టించిన ఏడాది అది. సరస్సు సరస్సులాగే ఉండాలన్నవాళ్ళ మాటా విన్నాను, చెరువు మీద బతికినవాళ్ళ ఏడుపూ విన్నాను. ఏది న్యాయమో చెప్పే చదువు నాకు లేదు. అంతకు కొద్ది వారాల ముందే ఒక లంకలో సత్యవతి గారని ఒకావిడ కూతురి పెళ్ళి చేసింది. ఇంటి ముందు చోటు చాలక వాళ్ళ చెరువు గట్టు మీదే పందిరి వేశారు. దేవదానం వెళ్ళి తీసుకొచ్చాడు. రెండు రోజుల దాకా వాడి బట్టలకి చేపల వాసన, నాచు వాసన పోలేదు. వాటిని వేరే బకెట్లో నానబెట్టించాను. తర్వాత యంత్రాలు వచ్చాయి, గట్లు పోయాయి. సత్యవతి గారి ఇంటివాళ్ళు కాకినాడ వైపు రొయ్యల చెరువుల మీద కాపలా పనికి కుదిరి ఊరు వదిలి వెళుతూ, దారిలో గూడెంలో దిగి సీడీలు తీసుకుని రైలెక్కుతామని ఫోను చేశారు. ఆ ఫోను నేనే ఎత్తాను.

"వదినగారండీ, అబ్బాయిగారికి ఒక్కమాట చెప్పండి. బాగోలేదని ముక్కలు తీసేస్తారంట కదండీ. వెనకాల మా గట్టు కనబడే ముక్కలు తియ్యొద్దని చెప్పండి. అమ్మాయి కళ్ళు మూసుకున్నా పర్లేదండి, గట్టు ఉండనివ్వండి."

అలాగేనమ్మా అన్నాను. నేను మాట ఇచ్చాను. అందుకే ఆ మధ్యాహ్నం చేట పట్టుకుని ఆ గుమ్మంలో నిలబడ్డప్పుడు, చిన్నవాడి వేలి కింద ఉన్నది వాడి అన్న పని మాత్రమే కాదు, నా మాట కూడా.

దేవదానం చేసింది ఇదీ. డీ అంతా పెళ్ళి ముక్కలతో నిండి, కలిపిన బొమ్మ పెట్టుకోవటానికి చోటు లేక, తమ్ముడు భోజనానికి వెళ్ళినప్పుడు తాళి కట్టే ముక్కలు, అప్పగింతల ముక్కలు తీసి ఎఫ్‌లో పెట్టాడు. వచ్చి చూసిన ప్రకాశానికి కనిపించింది వీడియో కాదు. పారతో చెక్కిన గట్టు.

"తియ్యరా చూద్దాం" అన్నాడు పెద్దవాడు. "ధైర్యముంటే తియ్యి. రేపు ఆవిడ ఏడుపు నువ్వే విను."

"నాకు చెప్పకుండా పెట్టినప్పుడు ఆవిడ ఏడుపు నీకు గుర్తు రాలేదేం?"

"నీ శుభలేఖలకి అంత చోటు ఎందుకురా అసలు? ఎప్పుడన్నా నింపావా?"

"నింపకపోతే నాది కాకుండా పోద్దా? రేపు మా ఆవిడ తినే అన్నం కూడా కొలిచి, ఇంకెందుకంటావేమో."

రత్నం అప్పుడు ఏడో నెల గర్భిణి. ఆ మాటకి పెద్దవాడి ముఖం మారిపోయింది. ఏదో అనబోయాడు. అది బయటికి వస్తే ఇక వెనక్కి తీసుకోలేమని నాకు తెలిసిపోయింది. మా బావగారు, మా ఆయన చివరిసారి మాట్లాడుకున్న రోజు కూడా ఇలాగే ఒకరి భార్య ప్రస్తావన వచ్చింది. నేను చేట కింద పెట్టాను.

"నాది ఖాళీగానే ఉంది కదా. అందులో పెట్టండి."

ఇద్దరూ నా వైపు చూశారు. ఎవరూ కదల్లేదు. అన్నిటికన్నా ముందు గుర్తు రావలసిన చోటు అది. ఇద్దరికీ గుర్తుంది కూడా. అయినా పెద్దవాడు తల అడ్డంగా ఊపాడు.

"వద్దమ్మా. అది వద్దు."

"ఏం?"

చిన్నవాడు తెర వైపు చూస్తూనే అన్నాడు. "అన్నయ్య వస్తువులు నీ వాటాలో పెడితే, రేపు అమ్మ మా దగ్గరే ఉంటుందని వాళ్ళంటారు. అందుకని ఆయన పెట్టడు. ఆయన పెడితే నేను ఊరుకోనని ఆయనకి తెలుసు."

ఇన్నాళ్ళూ ఇంట్లో అందరం చుట్టూ తిరుగుతున్న మాట అది. అంటే, అన్న చోటు లేక అల్లాడుతూ కూడా నా వాటా ముట్టుకోకుండా తమ్ముడి వాటాలోకి వెళ్ళాడు. తమ్ముడితో తగువైనా పరవాలేదు, తల్లి దగ్గర పేచీ రాకూడదనుకున్నాడు. నాకు కోపం వచ్చింది. ఏడుపు కూడా వచ్చింది కానీ దాన్ని కోపంలోనే కలిపేశాను.

"నేనింకా చావలేదురా. నా వాటా పంచుకోవటానికి అప్పుడే కూర్చున్నారా? ఇవ్వటం లేదు, అరువిస్తున్నాను. సువార్త పురుటికి ఎదురింటివాళ్ళ గంగాళం అరువు తెచ్చుకున్నాం. అది మనదైపోయిందా? కడిగి, బోర్లించి, ఇచ్చేశాం. ఇదీ అంతే. పని అయ్యాక ఖాళీ చేసి నాకు చూపించాలి."

"మరి పెట్టేదెవరు?" అన్నాడు ప్రకాశం.

"నువ్వు. ఏవి పెట్టాలో వాడు చెప్తాడు, పెట్టేది నువ్వు. అప్పుడు వాడు పెట్టినట్టూ కాదు, నువ్వు పెట్టినట్టూ కాదు."

ప్రకాశం కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. దేవదానం కుర్చీ వదిలి పక్కకి వచ్చి, తెర మీద వేలు పెట్టి చూపించటం మొదలుపెట్టాడు. నేను గడప మీద కూర్చుని చేట ఒళ్ళోకి తీసుకున్నాను.

"కట్ కొట్టి పేస్ట్ చేసేయ్ రా, తొందరగా అయిపోద్ది" అన్నాడు పెద్దవాడు.

"కట్ కొడితే మధ్యలో కరెంటు పోతే? ఇక్కడా ఉండదు, అక్కడా ఉండదు. కాపీ పెడతాను. అక్కడికి చేరాక ఇక్కడ తీద్దాం."

నేను బియ్యంలో రాళ్ళు చూస్తున్నట్టు తల వంచుకున్నాను. కాసేపటి క్రితం మొత్తం తీసేస్తానన్నది ఈ పిల్లవాడే. ఆ మాట నేను గుర్తు చేయలేదు. చేస్తే మళ్ళీ బిగుసుకుపోయేవాడు.

తెర మీద పచ్చటి గీత ఒక్కో పిసరు నిండుతూ పోతోంది. చీమ గోడెక్కినంత నెమ్మదిగా. సగం దాటి ఉంటుంది, ఫ్యాను ఆగిపోయింది. గూడెంలో ఆ వేళకి కరెంటు పోవటం మామూలే. బల్ల కింద బ్యాటరీ పెట్టె కూత మొదలుపెట్టింది. దానికి వయసైపోయింది, మార్చమంటే నేనే ఇంకో ఏడు నడవనీ అన్నాను. కూత దగ్గరదగ్గరగా వస్తోంది. దేవదానం తమ్ముడి భుజం మీద చెయ్యి వేశాడు. అది తెలిసి వేశాడో తెలియక వేశాడో. ప్రకాశం కదల్లేదు. ఇద్దరూ ఆ గీతనే చూస్తున్నారు. నేను మనసులో ప్రార్థన మొదలుపెట్టి, ఏమని అడగాలో తెలియక మధ్యలో ఆపేశాను. అంతలో తెర నల్లబడింది.

కిటికీ లేని గది, చాలాసేపు చీకట్లోనే కూర్చున్నాం. ఆ గదిలో పాత మందునీళ్ళ వాసన పైకి వచ్చింది. రత్నం దీపం పట్టుకుని వచ్చి, మా ముఖాలు చూసి, దీపం అక్కడ పెట్టి వెళ్ళిపోయింది. దీపాలు పెట్టే వేళ దాటాక కరెంటు వచ్చింది. కంప్యూటరు లేవటానికి తీసుకున్న సమయం నా జన్మలో మర్చిపోను. ముందు నా జీ తెరిచారు. సగమే చేరిన ముక్కలు, తెరవబోతే తెరుచుకోలేదు. తర్వాత ప్రకాశం ఎఫ్ తెరిచాడు. అన్నీ ఉన్నాయి. ఒకటి నొక్కాడు. చెరువు గట్టు మీద పందిరి, తల వంచుకున్న పెళ్ళికూతురు, వెనకాల సాయంత్రపు ఎండలో నీళ్ళు.

"కట్ కొట్టుంటే పోయేది" అన్నాడు దేవదానం, తనలో తాను అన్నట్టు.

"మళ్ళీ పెడతాను జరుగు" అన్నాడు ప్రకాశం.

రెండోసారి కరెంటు పోలేదు. నేను లేచి వెళ్ళి వండుకుని తిని పడుకున్నాను. వాళ్ళ పని వాళ్ళది.

ఇప్పుడు ఎవరికి వాళ్ళకి చేతిలో ఫోను. నా మనవరాలి ఫోనులో ఆ బిళ్ళలాంటివి మూడో నాలుగో పడతాయట. అది కూడా నిండితే బొమ్మలు ఎక్కడికో పైకి పోతాయట, నెలకింతని కడితే చాలట. చోటు ఎవరినీ అడగక్కర్లేదు. కొడుకులిద్దరికీ చెరో షాపు. పెద్దవాడు గూడెంలోనే, చిన్నవాడు ఏలూరు వెళ్ళి ఫ్లెక్సీల మిషను పెట్టుకున్నాడు. తగువుల్లేవు. గట్టే లేనప్పుడు తగువెక్కడిది? కానీ ఒకరు ఏం తీస్తున్నారో, ఏం అచ్చు వేస్తున్నారో రెండోవాళ్ళకి తెలియదు. అప్పట్లో పెద్దవాడు తీసిన ప్రతి పెళ్ళీ చిన్నవాడు చూడవలసి వచ్చేది. చిన్నవాడు చేసిన ప్రతి శుభలేఖలోనూ పెద్దవాడు తప్పులు పట్టేవాడు. ఒకే కుర్చీలో వంతులు వేసుకుని కూర్చున్నవాళ్ళు మరి. ఇది మేలో అది మేలో నేను చెప్పను. చోటు లేకపోవటం కష్టమే. చోటు ఎక్కువైపోతే మనుషులు ఎక్కడెక్కడో పడతారు. నేను మాత్రం ఇంకా మధ్య గదిలోనే ఉన్నాను.

మళ్ళీ ఆ రోజుకి వస్తే, మర్నాడు పొద్దున్న నేను ఊడ్చేటప్పటికి పెద్దవాడు కంప్యూటరు గదిలో నేల మీదే నిద్రపోతున్నాడు. సీడీలు బల్ల మీద కాగితపు సంచుల్లో ఉన్నాయి. సత్యవతి గారు, ఆవిడ భర్త మూటలతో వచ్చారు. కరెంటు లేదు, బొమ్మ వేసి చూపించటం కుదరలేదు. "గట్టు ఉందా అండీ?" అని అడిగింది. "ఉంది. నేను చూశాను" అన్నాను. సీడీలు పాత చీరలో చుట్టి మూట మధ్యలో పెట్టుకుని, రైలు టైమైపోతుందని వెళ్ళిపోయారు.

కరెంటు వచ్చాక ప్రకాశం వచ్చి కూర్చున్నాడు. జీలో పెట్టినవన్నీ తీసేసి నన్ను పిలిచి చూపించాడు. "నీ గంగాళం కడిగేశాం, చూసుకో." తెర తెల్లగా ఉంది. సరే మూసెయ్యి అన్నాను. దేవదానం ముఖం కడుక్కుని వచ్చి, తువ్వాలు భుజం మీద వేసుకుంటూ అడిగాడు.

"ఎఫ్‌లోవి కూడా తీసేశావా?"

"తీయలేదు."

"ఏం?"

"ఉండనీ. ఆవిడ సీడీలు గీతలు పడి మళ్ళీ వస్తే ఎక్కణ్ణించి తెస్తావు? నాకు చోటు కావాల్సొస్తే చెప్తాలే."

దేవదానం కెమెరా సంచి తగిలించుకుని, దెందులూరు టేపులు ఎక్కించటానికి ఎప్పుడు ఖాళీ అవుతుందో తమ్ముణ్ణి అడిగి, టీ తాగటానికి వెళ్ళాడు. నేను మధ్య గదిలోకి వచ్చి ఎసరు పెట్టాను. సోలెడు బియ్యం కొలిచి, గుప్పెడు తీసి దేవుని డబ్బాలో వేసి, మిగిలినవి కడిగి ఎసట్లో పోశాను.